మేకులు పీకిన పిడి

మైల్స్ సిటీ, మాంటానా
మార్చి, 1986

సోల్‌వెగ్ అక్కకి,

ఫోనులో నా మాట నీకు వినపడదు, నేను అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటాను. అందుకే మళ్ళీ ఉత్తరం. ఇక్కడ దూడలు పుట్టే కాలం. ఏ పశువుల రాంచికి వెళ్ళినా మోచేతుల దాకా ఆవు కడుపులో చెయ్యి పెట్టుకుని నిలబడడమే ఈ పశువుల డాక్టరు పని. మీ డులూత్‌లో మంచు కరగడం మొదలైందా? బావ మోకాలు ఎలా ఉంది?

ఇక అసలు సంగతి. తుపాకుల మాట ఎత్తితే నువ్వు ఉత్తరం మడిచి పక్కన పడేస్తావని తెలుసు. ఈసారికి చివరిదాకా చదువు. మా ఆవిడ డాగ్నీతో చెప్పుకుందామంటే, "మరీ ఆలోచించకు, పడుకో" అంటుంది. నీకు కాక ఇంకెవరికి చెప్పను?

పోయిన నెల ఇక్కడికి దక్షిణాన ఒక ముసలి రాంచరు చనిపోతే ఆయన సామానంతా వేలం వేశారు. గుర్రపు జీనులు, పాలడబ్బాల మధ్య ఒక పాత సైనిక రివాల్వర్ కనపడింది. కోల్ట్ కంపెనీ వాళ్ళు గుర్రపుదళం కోసం చేసిన రకం. ఎంత పోసి కొన్నానో మాత్రం నీకు చెప్పను.

వీటి కథ నీకు కొంచెం తెలియాలి. మొదట్లో వీటి గొట్టం పొడుగ్గా ఉండేది. ఒక తరం గడిచాక సైన్యం వాళ్ళు పాతవన్నీ వెనక్కి తెప్పించి, విప్పదీసి, గొట్టాలు పొట్టిగా కోసి, చాలావాటికి కొత్త పిడులు వేసి మళ్ళీ బిగించారు. ఏ ముక్క ఏ తుపాకీదో ఎవరూ పట్టించుకోలేదు. అందుకని ఒక్కోదాంట్లో రెండు మూడు తుపాకుల ముక్కలు కలిసిపోయి ఉంటాయి. నాకు దొరికింది ఆ పొట్టి రకం. దాని నడుం భాగం మీద ఉన్న నంబరు, నూట పదేళ్ళ కిందట ఇక్కడి ఆదివాసులైన షయాన్ల చేతిలో, లిటిల్ బిగ్ హార్న్ పోరులో ఒక్కడూ మిగలకుండా పోయిన దళాల రివాల్వర్ల నంబర్లకి చాలా దగ్గర. దగ్గరంటే దగ్గరే, ఔనని కాదు, కాదని కాదు. కింది భాగం నంబరు ఇంకేదో. పిడి చెక్క మాత్రం సైన్యం తర్వాత వేసిన కొత్తది. దాని నిండా చిన్న చిన్న కన్నాలు. ఒకప్పుడు ఎవరో ఇత్తడి బొడిపె మేకులు కొట్టి, తర్వాత పీకేసినట్టున్నారు.

లైల్ గుర్తున్నాడు కదా, ధాన్యం గోదాములో పనిచేసేవాడు, పెళ్ళి కాకముందు నుంచీ నాతో పాటు ఈ పిచ్చి పట్టినవాడు. ఆ నంబరు భూతద్దంలో చూసి కుర్చీలో కూలబడ్డాడు. "నాకే దొరికుంటే ఈపాటికి ఉద్యోగం మానేసేవాణ్ణి రా" అన్నాడు.

పోయిన శనివారం బిల్లింగ్స్‌లో పాత తుపాకుల సంత జరిగితే దాన్ని తీసుకెళ్ళి నా బల్ల మీద పెట్టాను. మధ్యాహ్నం ఒకావిడ వచ్చి నిలబడింది. షయాన్ మనిషి, నాకంటే కొంచెం చిన్నది. "డాక్టరుగారూ, మా తమ్ముడి గుర్రానికి కాలు బాగుచేసింది మీరే కదా" అని పలకరించింది. పేరు బెర్నిస్, షయాన్ల ఊరు లేమ్ డీర్‌లో, బడిలో పిల్లలకి పాఠాలు చెబుతుందట. రివాల్వర్ చేతిలోకి తీసుకోవచ్చా అని అడిగింది. పిడి మీది కన్నాల వెంబడి వేలు పెట్టి గీసింది. అప్పుడు గాని నాకు తట్టలేదు, ఆ కన్నాలు ఒక బొమ్మ అని. కొంగ కాలి అడుగు.

"మా అమ్మ పుట్టింటి పేరు టాల్ క్రేన్" అంది ఆవిడ. "పొడుగు కొంగ. మా తాత హెన్రీ ఆ పోరులో ఒక సిపాయి చేతిలోంచి దీన్ని లాక్కున్నాడు. మేకులు కొట్టి కొంగ అడుగు వేశాడు. మా చిన్నప్పటి నుంచీ వింటున్న కథే."

అక్కా, ఇక్కడే చిక్కొచ్చింది. నడుం భాగం నంబరు ఆవిడ మాట నిజమంటుంది. పిడి మాత్రం ఆ పోరు జరిగిన ఒక తరం తర్వాతది. పోరులో లాక్కున్నవాడు, అప్పటికి పుట్టని చెక్క మీద మేకులెలా కొడతాడు? ఇది ఆవిడతో ఎలా అనాలో తెలియలేదు. అనాలో వద్దో కూడా తెలియలేదు. "ఇమ్మని అడగడం లేదండీ. మా అమ్మ మంచం పట్టింది. ఒక్కసారి తెచ్చి చూపిస్తారా?" అంది. తెస్తానన్నాను.

నీ తమ్ముడు,
హార్లన్


మైల్స్ సిటీ
ఏప్రిల్ నెలాఖరు

అక్కా,

నీ జవాబు అందింది. "చూపించి వచ్చెయ్, అంతకంటే ఏం చేసినా పస్తాయిస్తావు" అని రాశావు. చూపించాను. వచ్చేశాను. అయినా పస్తాయిస్తూనే ఉన్నాను.

బెర్నిస్ వాళ్ళమ్మ పేరు ఆగ్నెస్. తొంభైకి దగ్గరపడింది. ముందుగదిలోనే మంచం వేశారు, ఎదురుగా టీవీ. ఏదో పోటీ ఆట వస్తోంది, జనం చప్పట్లు కొడుతున్నారు. నేను రివాల్వర్ ఫ్లానెల్ గుడ్డ విప్పి దుప్పటి మీద పెట్టాను. ముసలామె దాన్ని ముట్టుకోలేదు. కాసేపు చూసి, షయాన్ భాషలో రెండు ముక్కలు అని, మొహం టీవీ వైపు తిప్పేసుకుంది. బెర్నిస్ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. "నాన్నదే అంటోంది" అని నాకు చెప్పింది. తర్వాత మాంసం సూపు, వేయించిన రొట్టె పెట్టింది. ఇవ్వమని ఒక్క మాట కూడా అనలేదు. గుడ్డ నా చేతికి తనే అందించింది. నేను అది చుట్టుకుని కారు దాకా నడుస్తుంటే దొంగతనం చేసి పోతున్నట్టు అనిపించింది. కొన్నది నేనే, పత్రాలున్నది నా పేరు మీదే. మరి ఆ దొంగతనం భావన ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంటికొచ్చి మళ్ళీ విప్పి చూశాను. కన్నతండ్రి వస్తువు కూతురు గుర్తుపట్టదా? గుర్తుపట్టింది. పిడి చెక్క మాత్రం ఒప్పుకోవడం లేదు. పోనీ పోరులో పోయిన తుపాకీ, షయాన్లు లొంగిపోయినప్పుడు సైన్యం చేతికి చిక్కి, అక్కడ పిడి మారి, మళ్ళీ తిరిగి తిరిగి ఆ ఇంటికే చేరిందా? అలా జరగడానికి వీల్లేదని చెప్పలేను. జరిగిందని చెబితే లైల్ కూడా నవ్వుతాడు.

లైల్ నవ్వలేదు, అంతకంటే పెద్ద పని చేశాడు. టేపు రికార్డరు తెస్తానన్నాడు. ముసలామె చేత "మా నాన్న సిపాయి దగ్గర లాక్కున్నాడు" అనిపించి రికార్డు చేస్తే, ఆ నంబరుకి ఈ సాక్ష్యం తోడై దేశంలో ఇలాంటిది ఇంకొకటి ఉండదట. "పిడి సంగతి ఎవడడుగుతాడు రా. నువ్వే నోరు మూసుకుని ఉంటే చాలు" అన్నాడు. వాడిమీద కోపం రావాలి. వచ్చింది కూడా. దాంతో పాటు కొంచెం ఆశ కూడా కలిగింది అక్కా, నీ దగ్గర దాచడం ఎందుకు.

డాగ్నీ ఒకరోజు భోజనం దగ్గర, "ఇవ్వాలనిపిస్తే ఇచ్చెయ్. వద్దనిపిస్తే మానెయ్. నీ పక్కన మాత్రం దాన్ని కూర్చోబెట్టుకుని తినకు" అంది. అప్పుడు చూశాను, రివాల్వర్ నిజంగానే నా కంచం పక్కన ఉంది.

మాకు పిల్లల్లేరు. ఈ గాజు అలమారాలో ఉన్నవన్నీ నా తర్వాత వేలంలో పాలడబ్బాల మధ్యకే పోతాయి. ఈ ఆలోచన ఎప్పుడూ ఉన్నదే, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఒక్కదానికైనా ఒక ఇల్లు దొరికిందని అనిపిస్తోంది. నిజమో కాదో తేలనక్కర్లేదు, ఇచ్చేస్తాను. మే నెలలో పని తగ్గాక వెళ్తాను. లైల్‌కి ఇంకా చెప్పలేదు. నువ్వూ వద్దని రాయకు.

హార్లన్


మైల్స్ సిటీ
జూన్

అక్కకి,

వెళ్ళాను. ఇవ్వలేదు. ఇవ్వలేదంటే, వాళ్ళు తీసుకోలేదు.

బెర్నిస్‌కి ముందుగా చెప్పే వెళ్ళాను. ఆవిడ మంచి గౌను వేసుకుని గుమ్మంలో నిలబడింది. నేను ముసలామె మంచం దగ్గర కూర్చుని, "పెద్దమ్మా, ఇది మీ నాన్నగారిది. మీ దగ్గరే ఉండాలి" అన్నాను. కూతురు షయాన్ భాషలోకి మార్చబోతుంటే, ముసలామె టీవీ కట్టెయ్యమని చేత్తో సైగ చేసింది. తర్వాత నా వైపు తిరిగి, నీకంటే నాకంటే శుభ్రమైన ఇంగ్లీషులో మాట్లాడింది.

"నాకు ఇంగ్లీషు రాదని ఎవరన్నారు అబ్బాయ్? బోర్డింగు బడిలో కొట్టి మరీ నేర్పారు. మాట్లాడబుద్ధి పుట్టక ఊరుకున్నాను. దీన్ని నా ఇంట్లో పెట్టొద్దు."

బెర్నిస్ నిలబడ్డచోటే ఉండిపోయింది. తర్వాత ఆమె చెప్పినదంతా నాకు గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

వాళ్ళ నాన్న హెన్రీ ఆ పోరులో లేనే లేడు. జ్వరంతో డేరాలో పడి ఉన్నాడట. ఎవరి దగ్గరా ఏదీ లాక్కోలేదు. ఈ రివాల్వర్ ఎన్నో ఏళ్ళ తర్వాత షయాన్ల మీద పెత్తనానికి సర్కారు పెట్టిన ఏజెన్సీ దొర ఇచ్చాడు. హెన్రీ ఏజెన్సీ పోలీసు. నీలం కోటు, రివాల్వర్ ఇచ్చిన రోజున ఊళ్ళో అందరూ మొహాలు తిప్పుకున్నారట. ఒక్క తమ్ముడు ఎలి మాత్రం నవ్వుతూ వచ్చి, సర్కారు తుపాకీ ఇంత బోడిగా ఉంటే ఎలాగని, తన దగ్గరున్న మేకులు కొట్టి పిడి మీద కొంగ అడుగు వేసి ఇచ్చాడు.

"నాకెప్పుడూ ఇలా చెప్పలేదేమమ్మా?" అంది బెర్నిస్.

"సిపాయిల తుపాకీ అన్నాను. మిగతాదంతా నువ్వే అల్లుకున్నావు. బడిలో పిల్లలకి చెబుతుంటే బాగుంది, ఊరుకున్నాను."

తర్వాత ఒక చలికాలం రేషను బండ్లు రాలేదు. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే ఎలి ఒక రాంచరు ఆవుని కొట్టి తెచ్చాడు. దొర హెన్రీని పిలిచి, తమ్ముణ్ణి నువ్వే తీసుకురా, జైల్లో కొన్నాళ్ళుంచి వదిలేస్తాం, వేరేవాళ్ళు వెళ్తే కాల్చేస్తారు అన్నాడు. హెన్రీ వెళ్ళి తమ్ముడి గుమ్మంలో నిలబడ్డాడు. అప్పుడు ఆగ్నెస్ చిన్న పిల్ల, ఆ ఇంట్లోనే పినతల్లి దగ్గర, అంటే ఎలి భార్య దగ్గర, ఉంది.

"మా నాన్న తుపాకీ తియ్యలేదు. నడుముకి ఉంది, అంతే" అంది ముసలామె. "బాబాయి దాన్ని చూశాడు. తను కొట్టిన మేకుల్ని చూశాడు. కుండలో ఉడుకుతున్న మాంసం మాకు వడ్డించి, బయటికొచ్చి, మా నాన్న గుర్రం మీదే వెనకాల ఎక్కి కూర్చున్నాడు. ఒక్క గుర్రం మీద ఇద్దరూ వెళ్ళారు. వెనక్కి ఒక్కడే వచ్చాడు."

వసంతంలో కబురొచ్చింది, జైల్లో ఊపిరితిత్తుల జబ్బుతో ఎలి పోయాడని. హెన్రీ కోటు తిరిగిచ్చేశాడు. రివాల్వర్ ఏటిలో పడిపోయిందని దొరకి అబద్ధం చెప్పి, వాకిట్లో కూర్చుని కత్తిమొనతో మేకులన్నీ పీకాడు. తర్వాత దాన్ని తీసుకెళ్ళి, ఎవరి ఆవుని ఎలి చంపాడో ఆ రాంచరుకే ఇచ్చేశాడు. ఇకనైనా ఆవు కథ ముగిసిందనుకో అన్నాడట. నేను వేలంలో కొన్నది ఆ రాంచరు కొడుకు సామానులోంచే.

అక్కా, ఇన్నాళ్ళూ ఈ ఇనుము ఎవర్ని చంపిందా అని నంబర్లు వెతికాను. అది ఆ ఇంట్లో ఎవర్నీ కాల్చలేదు. నడుముకి వేలాడింది, అంతే.

నేను గుడ్డ చుట్టి లేస్తుంటే బెర్నిస్ చెయ్యి పట్టుకుంది. "ఉంచండి డాక్టరుగారూ. ఇవాళే కదా ఇది నిజంగా మాదైంది" అంది. "నేను పోయాక తెచ్చుకో" అంది తల్లి. ఇద్దరూ షయాన్ భాషలోకి దిగారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, అది తల్లీకూతుళ్ళ తగాదా అని అర్థం కావడానికి భాష అక్కర్లేదు. ఎవరి మాట వినాలో పాలుపోక చివరికి తీసుకునే వచ్చేశాను.

అలమారాలో పెట్టబుద్ధి కాలేదు. డాగ్నీ కుట్టుమిషను సొరుగులో పెట్టాను. దాన్ని చూస్తే ఒకప్పుడు సంతోషం కలిగేది. ఇప్పుడేం కలుగుతోందో దానికి పేరు తెలియడం లేదు. నీకేమైనా తోస్తే రాయి.

నీ హార్లన్


మైల్స్ సిటీ
నవంబరు

సోల్‌వెగ్ అక్కకి,

వేసవంతా ఉత్తరం రాయలేదని కోపంగా ఉన్నావు. రాయడానికి కూర్చున్నప్పుడల్లా, నిన్నటి దాకా నిజమనుకున్నది ఇవాళ మారిపోయేది. ఇప్పుడు కూడా అంతా తేలిపోయిందని కాదు, అయినా రాస్తాను.

జులైలో బెర్నిస్ ఫోను చేసింది. ఎలిని ఎక్కడ పూడ్చారో తెలుసుకోవాలంది. వాళ్ళ బంధువులు చాలామంది ఓక్లహోమాలో ఉన్నారు, అక్కడి షయాన్లలో ఎవరికైనా తెలుస్తుందేమో, మీరు సంతలకి తిరుగుతుంటారు కదా అంది. శరత్కాలంలో లైల్, నేను ఓక్లహోమాలో టల్సా తుపాకుల సంతకి వెళ్ళాం. లైల్‌కి దారిలో అంతా చెప్పాను. వాడు రేడియో కట్టేసి విన్నాడు. చివరికి, "టేపు రికార్డరు మాట ఎత్తినందుకు నన్ను నువ్వు తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది" అన్నాడు.

టల్సాలో నేను అమ్మకం మానేసి, కనపడిన ప్రతి షయాన్ మనిషినీ అడిగాను. ఎలి టాల్ క్రేన్ అనే పేరు విన్నారా, మాంటానా మనిషి, జైల్లో పోయాడు. చాలామంది నన్ను పోలీసేమో అన్నట్టు చూశారు. కాఫీ దగ్గర వుడ్రో అనే ఒక రాంచరు మాత్రం, తన కప్పులో పంచదార కలుపుతూ, "జైల్లో ఎందుకు పోతాడు? మా ఆవిడ వాళ్ళ తాత ఆయన. నా పెళ్ళికి ముందు ఏడాది పోయాడు. బాగా తిని, కునుకు తీసి, కుర్చీలోనే పోయాడు" అన్నాడు.

నేను రెండుసార్లు అడిగాను. అదే పేరు. మాంటానాయే. వేరే మనిషి కాదు.

వుడ్రో భార్య పేరు లొరేన్. తాత ఒళ్ళో పెరిగిన మనిషి. ఎలి జైలు నుంచి బతికే బయటికొచ్చాడు, ఉత్తరానికి వెళ్ళకుండా దక్షిణానికి పోయాడు, అక్కడ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. జైల్లో పక్క మంచం మీద ఇంకెవరో పోయారట. అధికారులు పేరు తప్పు రాశారో, ఎలియే ఆ పోయినవాడి పేరు తను తీసుకుని తన పేరు అతనికి ఇచ్చి, బయటపడ్డాక మళ్ళీ మార్చుకున్నాడో లొరేన్‌కి తెలియదు. మాంటానాలో అన్న ఉండేవాడని మాత్రం చెప్పేవాడట. ఏమయ్యాడు తాతా అని అడిగితే, "చచ్చిపోయాడు" అనేవాడు. హెన్రీ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. ఎలి నిజంగా అలా నమ్మాడా, కోపంతో అన్నాడా? అదీ లొరేన్‌కి తెలియదు. ఉత్తరాన వదిలేసిన మొదటి భార్య, పిల్లలు ఏమయ్యారని ఒక్కసారైనా అడిగాడో లేదో, అదీ తెలియదు.

ఇది ఆగ్నెస్‌కి చెప్పాలా వద్దా అని బెర్నిస్, నేను ఫోనులో ఎంతసేపు తర్జనభర్జన పడ్డామో చెప్పలేను. తమ్ముడు చచ్చిపోయాడనుకుని ఏడ్చిన తండ్రిని గుర్తుపెట్టుకుని బతికిన మనిషి ఆమె. ఆ ఏడుపు అక్కర్లేనిదని ఇప్పుడు చెప్పడం మంచిదా? లొరేన్ మా చర్చ ఆగేదాకా ఉండలేదు. వుడ్రోని లారీ ఎక్కించి పోయిన ఆదివారం వచ్చేసింది. నన్నూ రమ్మన్నారు. రివాల్వర్ కూడా తెమ్మంది బెర్నిస్, లొరేన్‌కి చూపించడానికి.

ముందుగది నిండా జనం. లొరేన్ మంచం పక్కన కూర్చుని, ఆగ్నెస్ చెయ్యి పట్టుకుని, తను ఎవరో, తన తాత ఎవరో నెమ్మదిగా చెప్పింది. ముసలామె మొహంలో ఏ మార్పూ లేదు. విన్నదా లేదా అని మేం మొహమొహాలు చూసుకున్నాం. అప్పుడు అడిగింది.

"లావుగా ఉండేవాడా?"

లొరేన్ తడబడింది. "బాగా లావు అత్తా. మెట్లెక్కలేకపోయేవాడు."

"మా నాన్న ఆ రోజు నుంచి చచ్చేదాకా గొడ్డుమాంసం ముట్టలేదు" అంది ఆగ్నెస్. "పండగలకి కూడా. చిక్కి సగమయ్యాడు. ఆయన ఇక్కడ తమ్ముడి కోసం కడుపు కాల్చుకుంటుంటే, ఈయనగారు అక్కడ మెట్లెక్కలేనంత తిన్నాడన్నమాట."

నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ దగ్గింది, దగ్గుతూ ఏడ్చింది, ఏది ఎప్పుడు మొదలైందో చెప్పలేం. లొరేన్ కూడా ఏడ్చింది. బెర్నిస్ నీళ్ళు తెచ్చి ఎవరికివ్వాలో తెలియక తనే తాగేసింది. ఆ తర్వాత ముసలామె ఒక్కో ప్రశ్నా వేసింది. పాడేవాడా, గుర్రాలు పెంచాడా, భార్య వంట బాగుండేదా. అందరూ ఒకేసారి జవాబులు చెబుతున్నారు.

నేను గుడ్డ మూట పట్టుకుని గోడవార నిలబడ్డాను. ఎప్పుడు విప్పాలో, ఎవరికి చూపించాలో తెలియడం లేదు. ఎవరూ నా వైపు చూడడం లేదు. చివరికి ఆగ్నెస్ కళ్ళు నా మీద పడ్డాయి.

"ఇంకా దాన్ని పట్టుకునే నిలబడ్డావా అబ్బాయ్? ఎక్కడో ఒకచోట పెట్టి, వచ్చి తిను. చల్లారిపోతోంది."

ఫ్రిజ్ మీద రొట్టెల డబ్బా పక్కన ఖాళీ కనపడితే అక్కడ పెట్టి వచ్చి కూర్చున్నాను. వుడ్రో నా కంచంలో మాంసం కుప్పగా వేశాడు. ముసలామె కూడా పెట్టించుకుంది. తిన్నాం, చీకటి పడుతోందని నేను లేచాను. అందరూ గుమ్మం దాకా వచ్చారు.

సగం దారిలో, ఆష్‌లాండ్ దాటాక గుర్తొచ్చింది, మూట ఫ్రిజ్ మీదే ఉండిపోయిందని. కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. కారు ఆగలేదు, ఆపలేదు.

ఇంటికొచ్చాక డాగ్నీ అడిగింది, "ఇచ్చేసి వచ్చావా, మరచిపోయి వచ్చావా?" ఆలోచించి చెబుతానన్నాను. ఈ ఉత్తరం మొదలుపెట్టినప్పటి నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను అక్కా, నాకు తెలియడం లేదు. వారమైంది. మీ వస్తువు ఇక్కడ ఉండిపోయిందని బెర్నిస్ ఫోను చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

ఇక్కడ మంచు పడుతోంది. బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు,
హార్లన్